తలుపు సంగతి

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు నన్ను తిట్టుకుంటూనే ఉంటావు. క్షమించరా. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మేడ మీద స్లాబు కారడం ఆగింది, పెద్దదానికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఇవన్నీ తరవాత వివరంగా రాస్తాను. ఒక్క సంగతి నీకు చెప్పేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

నువ్వు గాలిపటం అని పిలిచేవాడివే, మా అక్క కొడుకు, వాడు అమెరికా నుంచి వచ్చాడు. ఎడమ మణికట్టుకి పట్టీ. బాత్రూంలో జారిపడ్డానన్నాడు, అందరం నమ్మాం.

మొన్న సాయంత్రం వాణ్ణి కారులో బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గరికి వచ్చేసరికి డాష్‌బోర్డులో టింగు టింగుమని మోత. వాడి వైపు తలుపు సరిగ్గా పడలేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, వాడి మీదుగా వంగి తలుపు లాగబోయాను. "మావయ్యా, ముందు చూడు!" అని ఒక్క అరుపు అరిచాడు. ఎదురుగా మొక్కజొన్న పొత్తుల బండి! బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. నువ్వు వంకాయల బండిని గుద్దిన రోజు గుర్తొచ్చి ఉంటుంది. నీ చెప్పు జారడం, నువ్వు వంగడం... నాకూ అదే గుర్తొచ్చింది, కానీ నవ్వు రాలేదు.

కారు పక్కకి తీశాను. వాడి చేతులు వణుకుతున్నాయి. రోడ్డుకి అవతల మ్యూజియంగా పెట్టిన పాత నేవీ విమానం టీయూ-142 దగ్గర పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. వాడు అటు చూడనే లేదు. ఇసకకేసి చూస్తూ చెప్పుకొచ్చాడు.

అక్కడ ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకున్నాడట, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా! ఒకరోజు స్నేహితుణ్ణి ఎక్కించుకుని చిన్న పైపర్ విమానంలో బయల్దేరాడు. దానికి తలుపు ఒక్కటే, కుడివైపు. పక్కన ఒక గొళ్ళెం, పైన ఇంకొకటి. పైది వెయ్యడం మరిచారు. నేల వదిలి మూడొందల అడుగులు ఎక్కారో లేదో, ఢామ్మని తెరుచుకుంది. "పూర్తిగా కాదు మావయ్యా, రెండు మూడు అంగుళాలే. గాలి అంతకంటే తెరవనివ్వదు. విమానం మామూలుగానే ఎగురుతుంది. నాకది తెలుసు, చదువుకున్నాను" అన్నాడు. కానీ ఆ హోరు, ఎగిరే కాగితాలు, పక్కవాడి కేకలు. ఒక చేత్తో తలుపు లాగుతూ, తెలియకుండానే రెండో చేత్తో కంట్రోలు కూడా వెనక్కి గుంజేశాడు. ముక్కు లేచింది, వేగం పడిపోయింది, స్టాల్ హెచ్చరిక మోగింది. స్టాల్ అంటే ఇంజను ఆగడం కాదురా, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ముక్కు మరీ లేస్తే గాలి రెక్కని అంటిపెట్టుకోదు, మోసే బలం తగ్గిపోతుంది. ఇంజను మోగుతూనే ఉంటుంది, విమానం జారిపోతుంది. అంత కిందైతే సర్దుకోడానికి ఎత్తు ఎక్కడిది?

ఆ మోతకి తేరుకుని ముక్కు దించాడు. చుట్టూ తిరిగి దిగబోయాడు గానీ, మనసింకా తలుపు మీదే. వేగంగా వచ్చేశాడు. చక్రాలు నేలకి కొట్టుకుని విమానం పైకి ఎగిరింది. రెండోసారి పడ్డప్పుడు ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లరు రన్‌వేని గీరింది, గడ్డిలోకి పోయి ఆగింది. స్నేహితుడికి చిన్న గీతైనా పడలేదు. వీడికి మణికట్టు.

"తలుపు వల్ల కాదు మావయ్యా, నేను తలుపునే చూడ్డం వల్ల." ఈ మాట నాలుగుసార్లు అన్నాడు.

నేర్పినాయన వాడికి 1972 డిసెంబరు 29 రాత్రి సంగతి ముందే చెప్పాడట. మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ పెద్ద విమానం. ముందు చక్రం దిగిందని చూపించే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు గొడవలో పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు నిలపడం మానేసిన సంగతి ఎవరూ చూసుకోలేదు. విమానం చిత్తడి నేలలో కూలింది. 176 మందిలో 101 మంది పోయారు. తీరా చక్రం దిగే ఉంది, కాలిపోయింది బల్బే! "ముందు విమానం నడుపు, తరవాత దారి చూసుకో, మాటలు ఆఖర్న" అని వాళ్ళకి మొదట్లోనే నేర్పుతారట. అన్నీ తెలిసినవాడేరా వీడు.

నాకు చాలా కోపం వచ్చింది. నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. ఈలోగా ముంత మసాలా కొన్నాను. ఆ ఎడమచేత్తో పొట్లం పట్టుకోలేకపోయాడు, సగం ఇసకలో పోసేశాడు. ఇంకేం అంటాను? పొట్లం నేను పట్టుకున్నాను, వాడు తిన్నాడు.

మళ్ళీ ఎగురుతానంటున్నాడు. వద్దనడానికి నోరు రాలేదు. అక్కకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నీకు చెప్పొద్దనలేదు కాబట్టి... అక్క దగ్గర దాచడం మాత్రం నాకు చాలా కష్టంగా ఉందిరా. నువ్వైతే ఏం చేసేవాడివో వెంటనే రాయి. అసలు నేననేదేమిటంటే, వాడు

గేటు చప్పుడైంది. అక్కే. కాగితం మడిచేస్తున్నాను.

నీ
నాని