సింగ్‌నగర్‌కు ఈసారి ఏం పంపాలంటే

అందరికీ నమస్కారం అండి. విజయవాడలో బుడమేరు వాగు వరద నీళ్లు చాలా వీధుల్లో తీశాయి. అసలు పని ఇప్పుడే మొదలైంది. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు ముంచెత్తిన నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. బుడమేరు గట్టుకు పడిన గండ్లు పూడ్చడానికి ఆర్మీ కూడా రావాల్సి వచ్చింది. అప్పుడు అన్నం ప్యాకెట్లు, పాలు, నీళ్ల సీసాలే జనాన్ని నిలబెట్టాయి. ఇప్పుడు వాళ్లకు కావాల్సింది సొంతంగా వండుకునే వీలు.

కింది అంతస్తు ఇళ్లన్నీ బురదే. పరుపులు నీళ్లు పీల్చేసి ఇద్దరు పట్టినా లేవడం లేదు. బియ్యం డబ్బా మూత తీస్తే కంపు. ఫైర్ ఇంజిన్లతో ఇళ్లు కడుగుతున్నారు గానీ, పైపు అందని సందుల్లో మనుషులే ఎత్తిపోయాలి.

అందుకే దయచేసి పాత బట్టలు వద్దు. వాటిని విడదీయడానికే మనుషులు చాలడం లేదు, పైగా ఇచ్చేది గౌరవంగా ఇద్దాం. కొత్త దుప్పట్లు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, బ్లీచింగ్ పౌడర్, పారలు, చీపుళ్లు, గ్యాస్ స్టవ్‌లు పంపండి.

వీటన్నిటికంటే ముఖ్యం, తెలిసిన ఎలక్ట్రీషియన్లు, బైక్, ఆటో మెకానిక్‌లు ఉంటే ఒక్కరోజు తీసుకురండి. ఆటో మునిగిన ఇంట్లో రోజు సంపాదన లేనట్టే. తడిసిన ఇంట్లో వైరింగ్ చూపించకుండా మెయిన్ స్విచ్ వేయొద్దని అందరికీ చెప్పండి.

రాగలిగినవాళ్లు ఈ రాత్రికే పేరు పెట్టండి, బండి మాట్లాడాలి.