నా పాత టూరింగ్ బండి ఛార్జింగ్ సమస్యలో తోడున్నవాళ్లకి కృతజ్ఞతలు

చాలా రోజులుగా నన్ను తిప్పలు పెట్టిన ఛార్జింగ్ సమస్య తీరిపోయింది. ఇంజన్ దించకుండానే తీరింది. ఇప్పుడు 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14.2 వోల్టులు చూపిస్తోంది. హెడ్‌లైటు వేసినా, బ్రేకు నొక్కినా ఆ అంకె పెద్దగా కదలడం లేదు. దాని వెనక కొంతమంది మనుషుల ఓపిక ఉంది. పేర్లు రాయొద్దని వాళ్లలో కొందరు అన్నారు కాబట్టి రాయడం లేదు. ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా చెబుతాను. ఇలాంటి బండి ఉన్న ఇంకొకరికి ఆ వివరాలు రేపు అక్కరకు రావచ్చు.

నాది 1980ల నాటి టూరింగ్ బండి, అంటే దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటార్‌సైకిల్. నాలుగు సిలిండర్ల వాటర్ కూల్డ్ ఇంజన్, చైన్ బదులు షాఫ్ట్ డ్రైవ్, ముందు గాలిని అడ్డుకునే పెద్ద ప్లాస్టిక్ తొడుగు (ఫెయిరింగ్), వెనక రెండు పక్కలా పెట్టెలు. ట్యాంకు నింపితే 300 కిలోలు దాటుతుంది. రిటైరయ్యాక నా రోజులో సగం దాని పక్కనే గడుస్తోంది. టైర్లలో గాలి చూసుకోవడం, కార్బురేటర్లు నాలుగూ ఒకేలా పీల్చేట్టు సర్దడం, ఫోర్క్ ఆయిల్ మార్చడం, ఇవన్నీ ఇష్టంగా చేసుకుంటాను. కరెంటు పని అనేసరికి మాత్రం మొదటినుంచీ కాస్త బెరుకు. ఆయిల్ కారితే కంటికి కనిపిస్తుంది, బోల్టు వదులైతే చేతికి తెలుస్తుంది. కరెంటు ఎక్కడ ఆగిందో అలా తెలియదు.

మొదట ఇండికేటర్లు నెమ్మదిగా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తర్వాత ఐడిల్‌లో హెడ్‌లైటు మసకబారింది. ఒక సాయంత్రం హైవే మీద ఇంజన్ తడబడి ఆగిపోయింది. సెల్ఫ్ నొక్కితే రిలే టిక్కుమనడం తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆగిన లారీ డ్రైవర్‌కి ముందుగా నా నమస్కారం. అడగకుండానే తన లారీని నా వెనక అడ్డంగా నిలిపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక వచ్చే బళ్ల నుంచి నన్ను కాపాడాడు. తెలిసినవాళ్లకి ఫోన్ చేసి చిన్న ట్రక్కు పిలిపించింది కూడా ఆయనే.

బండిని రోడ్డు పక్కకి తోస్తుంటే గులకరాళ్లలో చక్రం జారి కుడివైపుకి ఒరిగిపోయింది. ఈలోగా ఒక కారు ఆగింది, అందులోంచి ఒక మహిళ దిగారు. ఆవిడ కూడా బరువైన బండే నడుపుతారట. నా కంటే చాలా చిన్న మనిషి. "అన్నయ్యా, వంగి లాగకండి, నడుం పట్టేస్తుంది" అని నన్ను పక్కన నిలబెట్టి పద్ధతి చూపించారు. బండి కుడివైపు పడింది కాబట్టి ముందే సైడ్ స్టాండు దించేశారు, లేపాక అటువైపు పడిపోకుండా. గేరులో వేశారు, దొర్లకుండా. హ్యాండిల్‌ని కిందికి ఉన్న వైపు పూర్తిగా తిప్పి, వీపు సీటుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ గ్రిప్, ఇంకో చేత్తో వెనక గట్టి కమ్మీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడిచారు. బలమంతా కాళ్లదే. నేను ఒక చెయ్యి వేశానంతే. ఈ వయసులో నా బండి నేనే లేపుకోగలనన్న ధైర్యం ఆవిడ దగ్గర నుంచే వచ్చింది. చెల్లెమ్మా, ఇది ఎప్పుడైనా మీ కంట పడితే, మీకు చాలా రుణపడి ఉన్నాను.

ఇంటికి చేరాక చూపించిన ఒక వర్క్‌షాపులో స్టేటర్ కాలిపోయింది, ఇంజన్ దించాల్సిందే అన్నారు. నా బండిలో స్టేటర్ ఇంజన్ వెనక కేసింగులో ఉంటుంది. అయస్కాంతాల రోటర్ తిరుగుతుంటే స్టేటర్ రాగి చుట్టలో పుట్టిన ఏసీ కరెంటు మూడు పసుపు వైర్ల మీదుగా బయటికొస్తుంది. దాన్ని రెగ్యులేటర్ రెక్టిఫయర్ డీసీగా మార్చి, వోల్టేజి మితిమీరకుండా ఆపి, బ్యాటరీకి పంపుతుంది. ఆ స్టేటర్ మార్చాలంటే రేడియేటరు, కార్బురేటర్లు, సైలెన్సర్లు, షాఫ్ట్ అన్నీ విప్పి ఇంజన్ కిందికి దించాలి. అంత పాత బండిని అంతగా విప్పితే ఎన్ని రబ్బర్లు చిరుగుతాయో, ఎన్ని బోల్టులు విరుగుతాయో అన్న టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు.

ఆ సమయంలో తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దాయన ఫోన్‌లో దొరికారు. జీవితమంతా ఆటో ఎలక్ట్రికల్ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. సంగతంతా విని ఒక్క మాట అన్నారు. "తమ్ముడూ, ఇంజన్ దించడం ఎప్పుడైనా దించొచ్చు. ముందు కొలుద్దాం." ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నేను మల్టీమీటరుతో బండి దగ్గర, ఆయన ఫోన్‌లో అవతల. ప్రతి కొలతా నోట్‌బుక్కులో రాయమనేవారు. నేను తొందరపడి "అయితే రెగ్యులేటరే పోయిందంటారా అన్నగారూ?" అంటే, "కొలిచావా?" అని అడిగేవారు. విసుగన్నది ఆ గొంతులో ఒక్కసారి కూడా వినలేదు.

మొదట బ్యాటరీ. నిండుగా ఛార్జి చేసి కొన్ని గంటలు వదిలేశాక 12.6 ఉంటే బ్యాటరీ మీద అనుమానం అక్కర్లేదన్నారు. అంతే ఉంది. ఇంజన్ స్టార్టు చేసి 3000 ఆర్‌పీఎంకి తెస్తే 14 దాకా పెరగాల్సింది పోయి 12.1కి దిగి ఇంకా దిగుతోంది. అంటే ఛార్జి అందడం లేదు. రెగ్యులేటర్ దగ్గర కనెక్టరు ఊడదీసి, స్టేటర్ వైపు మూడు పసుపు వైర్లనీ జతలు జతలుగా ఏసీలో కొలిస్తే మూడు జతలూ సమానంగా వచ్చాయి. ఇంజన్ ఆపి ఒక్కో పసుపు వైరుకీ ఇంజన్ బాడీకీ మధ్య చూస్తే ఎక్కడా కంటిన్యుటీ లేదు, అంటే కరెంటుకి దారి లేదు. స్టేటర్ చుట్ట ఎక్కడో కాలి ఉంటే జతల మధ్య తేడా చూపించాలి, లేదా బాడీకి తగలాలి. రెండూ లేవు. "నీ స్టేటర్ బానే ఉంది, ఇంజన్ జోలికి వెళ్లకు" అన్నారు పెద్దాయన. ఆ మాటతో నా గుండెల మీంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. రెక్టిఫయర్ డయోడ్లు కూడా ఒకవైపే దారి ఇస్తున్నాయి, రెండోవైపు ఇవ్వడం లేదు. అవీ బాగానే ఉన్నట్టు.

అన్నీ బాగున్నాయి, ఛార్జింగ్ మాత్రం లేదు. ఇక్కడ ఎవరైనా వదిలేసి కొత్త భాగాలు కొనమంటారు. ఆయన నాకు పాఠం చెప్పారు. మల్టీమీటరు కొలిచేటప్పుడు దాదాపుగా కరెంటు తీసుకోదు, కాబట్టి దారిలో చెడిన జాయింటు ఉన్నా వోల్టులు పూర్తిగా కనిపిస్తాయి. నిజంగా కరెంటు పారినప్పుడే ఆ జాయింటు బండారం బయటపడుతుంది. "20 ఆంపియర్లు పారే చోట 0.1 ఓం అడ్డు ఉందనుకో తమ్ముడూ, 2 వోల్టులు అక్కడే పోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ కనెక్టర్లో దూర్చి వదిలేసినట్టే." ఆ వేడికి టెర్మినల్ ఇంకా మసిబారుతుంది, అడ్డు ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పుడుతుంది. నాకు ఇన్నేళ్లుగా పుస్తకాల్లో ఎక్కని విషయం ఆ ఒక్క సాయంత్రంలో ఎక్కింది.

పారుతున్న కరెంటు చూడాలంటే వైరు చుట్టూ దవడలా పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరు కావాలి. అది పోస్టులో పంపిన మిత్రుడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నన్ను ఎప్పుడూ చూడని మనిషి, తన సొంత మీటరు పంపాడు. లోపల ఒక కాగితం మీద రాసి పెట్టాడు, మూడు పసుపు వైర్లనీ కలిపి పట్టుకోవద్దు, ఒక్కోటీ విడిగా పట్టుకోమని. మూడూ కలిపి పట్టుకుంటే ఒకదానికొకటి కొట్టుకుపోయి దాదాపు సున్నా చూపిస్తుంది. ఆ కాగితం లేకపోతే నేను ఇంకో రెండు రోజులు అయోమయంలో ఉండేవాణ్ని. విడివిడిగా పడితే రెండు వైర్లలో కరెంటు బాగా ఉంది. మూడోదాంట్లో చాలా తక్కువ. ఆ ఒక్క దారిలోనే ఎక్కడో అడ్డుందని తేలింది.

ఎక్కడ? రెండు చివరలూ కంటికి శుభ్రంగానే ఉన్నాయి. ఆ ప్రశ్నకి జవాబు ఇచ్చింది ఒక వైరింగ్ డయాగ్రం. పాత సర్వీస్ మాన్యువల్‌లోది, నలుపు తెలుపు జిరాక్సు. నాకు దాన్ని పంపినాయన ప్రతి గీతనీ రంగు పెన్సిళ్లతో, వైరు రంగే వచ్చేట్టు, చారలతో సహా దిద్ది పంపారు. అది ఎన్ని గంటల పనో ఊహించుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పసుపు గీతల వెంట వేలు పెట్టి వెళ్తే స్టేటర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ఇంకో కనెక్టరు ఉంది. బండి మీద మాత్రం అది బయటికి కనపడదు, లోపలి ప్యానెల్ వెనక ఉంది.

పాత ఫెయిరింగ్ విప్పడం అంటే భయపడాల్సిన పనే. ఏళ్ల తరబడి ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. ఇక్కడ నాకు సాయం చేసింది ఇలాంటి పాత బండినే తన చేత్తో బాగు చేసుకున్న ఒక అక్క. ప్యానెల్ బిగుసుకున్న చోట లాగొద్దని, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి మెల్లగా వదిలించమని చెప్పారు. ప్యానెల్ ఆకారం అట్టముక్క మీద గీసి, ఏ స్క్రూ ఎక్కడ విప్పితే అట్ట మీద అక్కడే గుచ్చమన్నారు. ఒకే ప్యానెల్‌కి పొడవూ పొట్టీ స్క్రూలు కలిసి ఉంటాయి, పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే లోపల ఇంకేదో పగులుతుంది. అయినా ప్యానెల్‌ని బిగించే ఒక చెవి విరిగింది. దానికీ ఆవిడ దగ్గర మందుంది. అదే రకం ఏబీఎస్ ప్లాస్టిక్ ముక్కల్ని అసిటోన్‌లో కరిగిస్తే చిక్కటి ముద్ద అవుతుంది. దాన్ని విరిగిన చోట పూసి ఒక రోజు ఆరనిస్తే ప్లాస్టిక్‌లో ప్లాస్టిక్ కలిసిపోతుంది. ఇప్పుడు ఆ చెవి మిగతావాటికంటే గట్టిగా ఉంది.

ప్యానెల్ వెనక నల్ల టేపు చుట్టిన ముద్ద దొరికింది. విప్పితే కనెక్టరు ఒక వైపు గోధుమ రంగుకి మాడి కరిగి ఉంది. లోపల ఒక టెర్మినల్ బొగ్గయిపోయింది. పక్కనే ఎప్పుడో ఎవరో రేడియో కోసమో, అదనపు లైట్ల కోసమో కలిపిన వైరు జాయింట్లు. పాత యజమాని మీద నాకు కోపం రాలేదు. పెద్దాయన చెప్పినట్టు టూరింగ్ బళ్ల కథే అంత. 1974లో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో హోండా తన గోల్డ్‌వింగ్ బండిని చూపించినప్పుడు దానికి ఫెయిరింగూ లేదు, పెట్టెలూ లేవు. అమెరికా డిజైనర్ క్రెయిగ్ వెట్టర్ చేసిన విండ్‌జామర్ లాంటి ఫెయిరింగులు కొని ఎవరికి వాళ్లు బిగించుకునేవాళ్లు. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్‌కి ఫ్యాక్టరీ నుంచే పూర్తి ఫెయిరింగ్ వచ్చింది. 1980లో గోల్డ్‌వింగ్ ఇంటర్‌స్టేట్ ఫెయిరింగూ పెట్టెలూ బిగించుకునే వచ్చింది. దూరం వెళ్లేవాళ్లు తమకి కావాల్సింది తామే అమర్చుకున్న అలవాటు అప్పటిది. లైట్లు, రేడియోలు, వేడి జాకెట్లు ఒక్కొక్కటీ చేరాయి. స్టేటర్ మాత్రం అదే.

కాలిన కనెక్టరు తీసేసి వైర్లు నేరుగా అతికిన కుర్రవాడికి నా ఆశీస్సులు. ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. "బాబాయ్, మీరు టార్చి పట్టుకోండి, కింద నేను పడుకుంటాను" అని నా మోకాళ్ల సంగతి నేను చెప్పకముందే అర్థం చేసుకున్నాడు. నల్లబడ్డ రాగి మీద సోల్డర్ పట్టదని, మెరిసే రాగి కనిపించేదాకా వైరు కోసుకుంటూ వెళ్లాడు. వేడి చేస్తే ముడుచుకుని జాయింటుని పట్టేసే హీట్ ష్రింక్ స్లీవులు ముందే వైర్లకి తొడిగాడు. మూడు జాయింట్లూ ఒకే చోట పడకుండా ముందూ వెనకా చేశాడు, ఎప్పుడైనా ఇన్సులేషన్ చిరిగినా ఒకటి ఒకటికి తగలకుండా. సోల్డర్ పీల్చుకున్న చోట వైరు బిర్రుగా అయి వణుకుడికి అంచు దగ్గర తెగే అవకాశం ఉందని, రెండువైపులా ఫ్రేముకి కట్టాడు. పసుపు వైర్లు మూడింటినీ ఏ వరసలో కలిపినా ఫర్వాలేదు, రెక్టిఫయర్‌కి మూడూ ఒకటే. అయినా ఉన్న వరసలోనే కలిపాడు. అంత శ్రద్ధ.

ఎర్త్ వైరు బిగించే చోటు కూడా గీకి శుభ్రం చేయమన్నారు పెద్దాయన. చేశాం. 14.2 అప్పుడే చూశాం. ఫోన్‌లో ఆ అంకె చెబితే అవతల కాసేపు మాట లేదు, తర్వాత "హెడ్‌లైటు వేసి మళ్లీ చూడు తమ్ముడూ" అన్నారు.

వెనక లైట్లు ఎల్ఈడీకి మార్చమని, ఇండికేటర్లు కూడా మారిస్తే వాటిని కొట్టించే ఫ్లాషర్ రిలే మార్చాలని గుర్తు చేసినవాళ్లకి, హెడ్‌లైటులోని 60/55 వాట్ల హెచ్4 బల్బుని అలాగే ఉంచమని చెప్పినవాళ్లకి, ఊరికే ఎలా ఉందని అడిగి ఫోన్ పెట్టేసినవాళ్లకి అందరికీ ధన్యవాదాలు. ఇన్ని సాయంత్రాలు నన్ను బండి దగ్గరే వదిలేసి, నోట్‌బుక్కులో అంకెలు తన చక్కటి చేతిరాతతో రాసిపెట్టిన నా భార్యకి కూడా. ఆ పేజీలు లేకపోతే పెద్దాయన అడిగిన సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

క్లాంప్ మీటరు తిరిగి పంపిస్తానంటే ఆ మిత్రుడు వద్దన్నాడు, తర్వాత అవసరమైనవాళ్లకి పంపమన్నాడు. కాబట్టి అది ఇప్పుడు నా దగ్గరుంది, ఆ మీటరుకి కొత్త బ్యాటరీ వేశాను. రంగులు దిద్దిన డయాగ్రంని కూడా ఆయన అనుమతితో మంచి కాపీలు తీయించాను. పాత టూరింగ్ బండి ఉండి, ఛార్జింగ్ అందక ఇంజన్ దించమని ఎవరైనా చెప్పి ఉంటే ఒక్క మాట చెప్పండి, రెండూ పంపుతాను. మూడు వైర్లూ కలిపి పట్టుకోవద్దని రాసిన ఆ కాగితం కూడా లోపలే ఉంటుంది.