సెర్చ్ కన్సోల్‌లో ‘సక్సెస్’ అని ఉన్నా, మీ సైట్‌మ్యాప్‌ను ఒకసారి తెరిచి చూడండి

మా దగ్గర వెబ్‌సైట్ నిర్వహణ ఒప్పందం ఉన్న కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల రిపోర్టులో మీకొక మార్పు కనిపిస్తుంది. ఇంతకాలం అందులో ‘సైట్‌మ్యాప్: ఓకే’ అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లం. సైట్‌మ్యాప్ అంటే మీ సైట్‌లో గూగుల్ చూడాల్సిన పేజీల లింకుల జాబితా, అంతే. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్ గూగుల్‌కు ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ వారి పేజీ) సైట్‌మ్యాప్ వరుసలో పచ్చగా ‘సక్సెస్’ అని ఉంటే చాలనుకున్నాం. అది చాలదు. ‘సక్సెస్’ అంటే గూగుల్ ఆ ఫైలు తెచ్చుకుని చదవగలిగిందని మాత్రమే. లోపలున్న లింకులు పనిచేస్తున్నాయా, మీరు ఎప్పుడో ఆపేసిన సరుకు పేజీలు ఇంకా అందులోనే ఉన్నాయా, పోయిన వారం పెట్టిన చీరలు జాబితాలోకి ఎక్కాయా అన్నది ఆ మాట చెప్పదు. తప్పు మాదే. ఇక నుంచి ఫైలు తెరిచి చూసి, మొత్తం లింకులెన్ని, వాటిలో పనిచేయనివెన్ని అని అంకెలతో రాస్తాం.

మేం రాసింది నిజమో కాదో మీరే సరిచూసుకోవచ్చు. కంప్యూటర్లో క్రోమ్ ఉంటే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు, పది నిమిషాల పని. ఫోన్‌లో మాత్రం ఇబ్బంది పడతారు, వద్దు.

సైట్‌మ్యాప్ అంటే మీ సైట్‌లో గూగుల్ చూడాల్సిన పేజీల లింకుల జాబితా, అంతే. గూగుల్ 2005లో మొదలుపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి. అప్పటి 0.9 నియమాలే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ ఫైలు ఎక్కడుందో తెలియకపోతే మీ సైట్ అడ్రసు చివర ఏటవాలు గీత పెట్టి ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అని కొట్టండి. (ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం, కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.) వచ్చిన పేజీలో ‘సైట్‌మ్యాప్’ అని మొదలయ్యే వరుసలో పూర్తి అడ్రసు ఉంటుంది. ఉండాలి కూడా. అక్కడ ‘హెచ్‌టీటీపీఎస్’ లేకుండా సగం అడ్రసు రాసి ఉంటే అది మొదటి లోపం. షాపిఫై సైట్లకు ‘సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్’ దానంతటదే తయారవుతుంది (ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే ఈ ఫైలు రాసే పద్ధతి). వర్డ్‌ప్రెస్‌లో 5.5 వెర్షన్ నుంచి ‘డబ్ల్యూపీ-సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్’ వస్తోంది, యోస్ట్ లాంటి ప్లగిన్ (సైట్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాం) వేస్తే దాని బదులు ‘సైట్‌మ్యాప్_ఇండెక్స్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్’ ఉంటుంది. వర్డ్‌ప్రెస్ సైట్‌మ్యాప్ అసలు తెరుచుకోక 404 (పేజీ దొరకలేదని అర్థం) వస్తుంటే, సెట్టింగ్స్‌లో రీడింగ్ కిందున్న ‘డిస్కరేజ్ సెర్చ్ ఇంజన్స్’ గడిలో టిక్ ఉందేమో ముందు చూడండి. సైట్ కడుతున్నప్పుడు పెట్టిన టిక్ తీయడం మరిచిపోతే జరిగేది ఇదే.

ఆ అడ్రసును ఇన్‌కాగ్నిటో కిటికీలోనే తెరవండి. మీరు వర్డ్‌ప్రెస్‌లో లాగిన్ అయి ఉంటే క్యాష్ ప్లగిన్లు (సైట్ వేగం కోసం పేజీల కాపీలు దాచి ఇచ్చేవి) సాధారణంగా మీకు తాజా పేజీ ఇస్తాయి, బయటివాళ్లకు దాచిపెట్టిన పాత కాపీ ఇస్తాయి. మీకు అంతా బాగుంటుంది, గూగుల్‌కు మాత్రం పోయిన నెల జాబితా అందుతుంది. రెండు చోట్లా రెండు రకాలుగా కనిపిస్తే క్యాష్ సెట్టింగుల్లో సైట్‌మ్యాప్ అడ్రసును మినహాయింపుల్లో పెట్టాలి.

తెరిచాక మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకటి, పైన ‘దిస్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ డజ్ నాట్ అపియర్ టు హావ్ ఎనీ స్టైల్ ఇన్ఫర్మేషన్’ అనే వాక్యం, కింద కొమ్మలు కొమ్మలుగా ట్యాగులు. ఆ వాక్యం చూసి కంగారు పడొద్దు, అది ఎర్రర్ కాదు. రంగులూ డిజైనూ లేని ఫైలు అని క్రోమ్ చెబుతోంది, అంతే. రెండోది, నీటుగా పట్టిక. అది వర్డ్‌ప్రెస్ గానీ ప్లగిన్ గానీ తొడిగిన ముసుగు, అసలు ఫైలు చూడాలంటే కంట్రోల్, యు కలిపి నొక్కాలి. మూడోది, గులాబీ రంగు డబ్బాలో ఎర్రర్. అందులో వరుస సంఖ్య, ఆ వరుసలో ఎన్నో అక్షరమో కూడా ఉంటాయి.

ఆ డబ్బాలో ఎక్కువగా వచ్చేవి రెండే రెండు.

‘ఎక్స్‌ఎమ్‌ఎల్ డిక్లరేషన్ అలౌడ్ ఓన్లీ ఎట్ ది స్టార్ట్ ఆఫ్ ది డాక్యుమెంట్’ అని ఉండి, వరుస 2 అని చూపిస్తే, ఫైలు మొదట్లో ఒక ఖాళీ వరుస దూరిందని అర్థం. ఎక్స్‌ఎమ్‌ఎల్ నియమం ప్రకారం ఆ డిక్లరేషన్, అంటే ‘ఇది ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు’ అని చెప్పే మొదటి వరుస, దాని ముందు ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. సైట్‌మ్యాప్ ప్లగిన్‌ను తిట్టుకుంటారు గానీ దోషి చాలాసార్లు వేరే చోట ఉంటుంది. థీమ్‌లోని (సైట్ డిజైన్ ఉండే చోటు) ‘ఫంక్షన్స్ డాట్ పీహెచ్‌పీ’ ఫైలుకు (పీహెచ్‌పీ అంటే వర్డ్‌ప్రెస్ కోడ్ రాసే భాష) ఎవరో ఒక ముక్క కోడ్ అతికించి, పీహెచ్‌పీ ముగింపు గుర్తు తర్వాత రెండుసార్లు ఎంటర్ కొట్టి ఉంటారు. ఆ ఖాళీ సైట్ పంపే ప్రతి పేజీ నెత్తిన పడుతుంది. మామూలు పేజీల్లో తెలియదు, సైట్‌మ్యాప్‌లో బయటపడుతుంది. ముగింపు గుర్తును పూర్తిగా తీసేస్తే సరి, పీహెచ్‌పీ ఫైలు చివర అది అవసరం లేదు. అక్కడ దొరక్కపోతే ప్లగిన్లను ఒక్కొక్కటే ఆపి చూడడం తప్ప దారి లేదు.

రెండోది & గుర్తు గొడవ. ‘ఎంటిటీ రెఫ్: ఎక్స్‌పెక్టింగ్’ అని గానీ, ‘ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్స్ ఎంటిటీ రెఫ్: నో నేమ్’ అని గానీ వస్తుంది. లింకులో రంగు, సైజు లాంటి ఫిల్టర్లుంటే మధ్యలో & వస్తుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో దాన్ని ఒంటరిగా రాయకూడదు, వెంటనే ‘ఏఎమ్‌పీ’ అనే మూడక్షరాలు, సెమీకోలన్ ఉండాలి. ప్లగిన్లు ఇది వాటంతటవే చూసుకుంటాయి. చేత్తో రాసిన సైట్‌మ్యాప్‌లలో, సొంతంగా కోడ్ రాయించుకున్న పాత సైట్లలోనే ఈ లోపం. అయినా అసలు ప్రశ్న వేరే ఉంది: ఫిల్టర్ లింకులకు సైట్‌మ్యాప్‌లో ఏం పని? ఒకే చీరల పేజీ రంగుకొకటి, ధరకొకటి చొప్పున వందల లింకులుగా మారిపోతుంది. & సరిచేయడం కంటే ఆ లింకులు తీసేయడమే మేలు.

ఒక హెచ్చరిక. ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివే పరికరం మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. ఒకటి సరిచేశాక ఇంకోటి వచ్చిందంటే మీరేదో పాడుచేశారని కాదు, అది మొదటి నుంచీ అక్కడే ఉంది.

తెలుగు పేర్లతో లింకులున్న సైట్లకు ఇంకో తలనొప్పి ఉంది. పచ్చళ్లు, పుస్తకాలు అమ్మేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. లింకులో ఒక్కో తెలుగు గుర్తు, అంటే అక్షరం, గుణింతం, పొల్లు వేటికవే, 9 అక్షరాల సంకేతంగా మారుతుంది. ‘పచ్చళ్లు’ అనే చిన్న మాటలో 8 గుర్తులున్నాయి, లింకులో 72 అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ పేజీ పేరుకు ఇచ్చే చోటు 200 అక్షరాలే. ‘మామిడికాయ ఆవకాయ పచ్చడి అరకిలో’ అని పేరు పెడితే ‘పచ్చడి’ వరకు 182 అక్షరాలు, తర్వాత ఒక గీత, ‘అ’ పట్టి మిగతాది తెగిపోతుంది. లింకు ‘మామిడికాయ-ఆవకాయ-పచ్చడి-అ’ అవుతుంది. తెగినంత మాత్రాన సైట్‌మ్యాప్‌లో ఎర్రర్ రాదు. కానీ మొదటి మాటలు ఒకేలా ఉన్న పొడుగు పేర్లన్నీ ఒకే చోట తెగి, చివర ‘-2’, ‘-3’ అని తగిలించుకుంటాయి. ఏ లింకు ఏ సరుకుదో మీకే తెలియదు. పేరు తెలుగులో ఉంచుకోండి, లింకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి. ఇప్పటికే గూగుల్‌లో వస్తున్న పాత లింకులను మాత్రం ఇది చదివి మార్చేయకండి. మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి 301 దారి మళ్లింపు పెట్టాలి.

కంటికి కనిపించని గుర్తు ఒకటుంది. ‘గిఫ్ట్‌బాక్స్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద ‘బ’ వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో ఒక ఖాళీ గుర్తు పెడుతుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, లింకులో మాత్రం అదీ ఒక అక్షరమే. సైట్‌లో అది లేకుండా, చేత్తో రాసిన సైట్‌మ్యాప్‌లో అది ఉండి ఉంటే, చూపుకు ఒకేలా ఉన్న లింకు 404 ఇస్తుంది. సంకేతాల లింకులో తెలుగు గుర్తులన్నీ ‘%ఈ0%బి0’ లేదా ‘%ఈ0%బి1’తో మొదలవుతాయి. మధ్యలో ‘%ఈ2%80%8సి’ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఇక బ్రౌజర్ పట్టుకోలేని తప్పులు. ఫైలు పైన ‘సైట్‌మ్యాప్స్ డాట్ ఆర్గ్’ అడ్రసు ఒకటుంటుంది. అది ‘హెచ్‌టీటీపీ’తోనే ఉండాలి. సైట్‌ను ‘హెచ్‌టీటీపీఎస్’కు మార్చేటప్పుడు ఫైళ్లన్నిటిలో ఒకేసారి వెతికి మార్చేస్తే దీనికీ ‘ఎస్’ తగులుకుంటుంది. క్రోమ్ నోరు మెదపదు, సెర్చ్ కన్సోల్ మాత్రం నేమ్‌స్పేస్ (అంటే ఈ అడ్రసే) తప్పంటుంది. తేదీలూ అంతే. ‘లాస్ట్‌మాడ్’లో (పేజీ చివరిసారి మారిన తేదీ) 15-08-2025 అని మన పద్ధతిలో రాస్తే చెల్లదు, 2025-08-15 అని ఉండాలి. సమయం కూడా ఉంటే చివర టైమ్‌జోన్ ఉండాలి, మన సమయమైతే +05:30. ఇంకో సంగతి, అన్ని లింకులకూ ఈరోజు తేదీయే ఉంటే అది మంచి లక్షణం కాదు. గూగుల్ ఆ తేదీని నమ్మదగినదిగా తోస్తేనే వాడుకుంటుంది.

ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేయండి. మొదటి వరుసలో స్టేటస్ 200 (సరిగా అందిందని అర్థం) ఉండాలి. దాని మీద నొక్కితే హెడర్స్‌లో కంటెంట్ టైప్ ‘అప్లికేషన్/ఎక్స్‌ఎమ్‌ఎల్’ లేదా ‘టెక్స్ట్/ఎక్స్‌ఎమ్‌ఎల్’ అని కనిపించాలి. ‘టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్’ అని ఉంటే, ముసుగు పట్టిక అనుకున్నది నిజానికి మామూలు వెబ్ పేజీ అయ్యుండొచ్చు. సైట్‌మ్యాప్‌లో పేజీలకు బదులు వేరే సైట్‌మ్యాప్ ఫైళ్ల లింకులే ఉంటే ఒక్కోటి తెరవండి, పేజీల లింకులు వాటిలో ఉంటాయి. అదే కిటికీలో సైట్‌మ్యాప్‌లోంచి ఓ పది లింకులు తెరిచి చూడండి. పాతవి నాలుగు, కొత్తవి నాలుగు, కేటగిరీలు రెండు. అన్నీ నేరుగా 200 ఇవ్వాలి. 301 వస్తే సైట్‌మ్యాప్‌లో పాత అడ్రసు ఉన్నట్టు. మొదట్లో ఉండే మూడు డబ్ల్యూల తేడా, ‘హెచ్‌టీటీపీఎస్’ తేడా ఉన్నవి ఇక్కడ దొరుకుతాయి.

లింకులు లెక్కపెట్టడానికి కంట్రోల్ యు కిటికీలో కంట్రోల్ ఎఫ్ నొక్కి, కోణపు బ్రాకెట్లతో సహా ‘లాక్’ (ఎల్, ఓ, సీ) ట్యాగును వెతకండి. ఎన్నిసార్లు ఉందో క్రోమే చెబుతుంది. ఫైళ్లు ఒకటికంటే ఎక్కువుంటే అన్నిటి లెక్కా కలపండి. బ్రాకెట్లు లేకుండా వెతికితే ముగింపు ట్యాగులూ, బొమ్మల లింకులూ కలిసి లెక్క తప్పుతుంది. ఆ అంకెను మీ దుకాణంలోని సరుకులు, కేటగిరీలు, మామూలు పేజీల మొత్తంతో పోల్చండి. ఎక్కువుంటే ట్యాగులు, బొమ్మల పేజీలు, కార్ట్, చెకౌట్ లాంటివి దూరాయేమో చూడండి, ఉంటే తీయించాలి. తక్కువుంటే కొన్ని పేజీలకు నోఇండెక్స్ (గూగుల్‌లో చూపించొద్దనే గుర్తు) పడి ఉండొచ్చు. ఫైలుకు 50,000 లింకులు, 50 ఎంబీ పరిమితి ఉంది గానీ మనలో ఎవరూ ఆ దరిదాపుల్లో లేరు. వర్డ్‌ప్రెస్ సొంత సైట్‌మ్యాప్‌లో ‘యూజర్స్’ అనే ఫైలు కూడా కనిపిస్తే చెప్పండి. అందులోని పేర్లు చాలాసార్లు మీ లాగిన్ పేర్లే అయి ఉంటాయి, ఆపేస్తాం.

మీ బ్రౌజర్‌లో అంతా బాగుండి సెర్చ్ కన్సోల్‌లో ‘కుడ్‌న్ట్ ఫెచ్’ అని ఉంటే, సెక్యూరిటీ ప్లగిన్ గానీ హోస్టింగ్ ఫైర్‌వాల్ గానీ గూగుల్ బాట్‌ను (పేజీలు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రాం) గుమ్మం దగ్గరే ఆపుతుందేమో అనుమానించాలి. క్రోమ్‌లో గూగుల్ బాట్ వేషం వేసి పరీక్షించే వీలుంది, మేం దాన్ని నమ్మం. మంచి ఫైర్‌వాల్ ఐపీ అడ్రసు చూసి దొంగ బాట్‌ను ఆపుతుంది, అసలుదాన్ని వదులుతుంది. సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లి సైట్‌మ్యాప్ అడ్రసు ఇచ్చి ‘టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్’ నొక్కితే నిజం తెలుస్తుంది.

సీజన్ సరుకు అమ్మేవాళ్లకు ఒక మాట. ఆవకాయ సీజన్ అయిపోగానే పేజీ తీసేసి, ఆ లింకును హోమ్ పేజీకి మళ్లిస్తున్నారు. గూగుల్ దాన్ని పేజీ లేనట్టే లెక్కేస్తుంది, వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి మొదలు. పేజీ ఉంచి ‘స్టాక్ లేదు’ అని పెట్టండి, సైట్‌మ్యాప్‌లోనూ ఉండనివ్వండి. మళ్లీ ఎప్పటికీ అమ్మని సరుకైతేనే తీసేయండి.

డబ్బుల విషయం. మా పాత ప్యాకేజీ వివరాల్లో ‘ప్రయారిటీ, చేంజ్‌ఫ్రీక్వెన్సీ సెట్టింగ్’ అని ఒక వరుస ఉండేది. పేజీ ఎంత ముఖ్యమో, ఎంత తరచుగా మారుతుందో సైట్‌మ్యాప్‌లో చెప్పే ఆ రెండింటినీ గూగుల్ పట్టించుకోదు, ఆ వరుస తీసేశాం. ‘సైట్‌మ్యాప్ పింగ్’ (సైట్‌మ్యాప్ మారిందని గూగుల్‌కు కబురు పంపడం) అన్న వరుస కూడా తీసేశాం, ఆ సదుపాయాన్ని ఆపేస్తున్నట్టు గూగుల్ 2023 జూన్‌లోనే ప్రకటించింది. బయటివాళ్లెవరైనా పింగ్ పేరుతో మీ దగ్గర డబ్బడిగితే ఇవ్వకండి. సైట్‌మ్యాప్ సరిచేస్తే ర్యాంకు పెరుగుతుందని కూడా మేం చెప్పం. కొత్త పేజీలు గూగుల్ కంట త్వరగా పడడానికి అది సాయం, అంతవరకే. 500 లోపు పేజీలుండి, అన్నీ హోమ్ పేజీ నుంచి లింకుల ద్వారా అందుతుంటే సైట్‌మ్యాప్ లేకపోయినా నడుస్తుందని గూగుల్ సొంత సహాయ పేజీల్లోనే ఉంది.

మీకేదైనా తేడా కనిపిస్తే వాట్సాప్‌లో పంపండి. ‘సైట్‌మ్యాప్ పనిచేయట్లేదు’ అని మాత్రం రాయకండి, వెతకడానికి మాకేమీ దొరకదు. తెరిచిన పూర్తి అడ్రసు, ఇన్‌కాగ్నిటోనా కాదా, ఎర్రర్ డబ్బా కనిపించేలా మొత్తం స్క్రీన్‌షాట్, నెట్‌వర్క్‌లో వచ్చిన స్టేటస్ అంకె, ఈ నాలుగూ పంపండి. ఈమధ్య ఏ ప్లగిన్ వేశారో, ఎవరితో కోడ్ మార్పించారో కూడా రాస్తే సగం పని అయిపోయినట్టే.