కేప్చర్ ఆన్ చేసే ముందు మెయిల్ పెట్టు

చిరంజీవి బుజ్జికి,

వాట్సాప్‌లో పెడితే సగం చదివి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మీ హాస్పిటల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తోందని, "ఓ వారం మొత్తం ట్రాఫిక్ కేప్చర్ చేసి పెట్టు, తర్వాత చూద్దాం" అని మీ మేనేజర్ అన్నారని చెప్పావు కదా. అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే డేటానంతా ఫైల్లోకి రికార్డు చేయడమన్నమాట. నోటిమాట మీద ఆ పని చేయకు. ఆయన మంచివాడే కావచ్చు. రేపు గొడవైతే "నేనలా అనలేదే" అనడానికి మంచివాళ్లకీ ఎంతోసేపు పట్టదు.

ఐటీ చట్టం 43వ సెక్షన్ చూడు. సిస్టమ్ యజమాని గానీ, దానికి బాధ్యులు గానీ అనుమతించకుండా డేటా కాపీ చేస్తే నష్టపరిహారం కట్టాలి. దురుద్దేశంతో చేశారని తేలితే 66 కింద మూడేళ్ల దాకా జైలు. నీకు దురుద్దేశం లేదు, సరే. అనుమతి ఉందని చూపించడానికి ఏముంది? అందుకే మెయిల్ పెట్టు: ఏ సర్వర్, ఏ పోర్టు, ఎన్ని గంటలు, ఫైలు ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు. జవాబు వచ్చాకే మొదలుపెట్టు.

మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో టెస్ట్ డెస్క్ మీద ఉన్నవాడు ఏ లైన్లోకైనా చెవి పెట్టగలిగేవాడు. గరగర ఉందో లేదో విని వదిలేయాలి, అంతే. మాటలు బయటపెడితే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 26వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉండేది. మీ దగ్గర అంతకంటే చిక్కు. ల్యాబ్ మెషీన్ల నుంచి వెళ్లే హెచ్‌ఎల్7 మెసేజ్‌లు (హాస్పిటల్ సిస్టమ్‌లు పేషెంట్ వివరాలు పంపుకునే పద్ధతి) చాలాచోట్ల ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తాయి. కేప్చర్ ఫైళ్లు చదివే వైర్‌షార్క్‌లో తెరిస్తే పేషెంట్ పేరు, పుట్టినతేదీ, టెస్టు రిజల్టు వరసగా కనిపిస్తాయి. ఎన్‌క్రిప్ట్ అయినవాటిలోనూ డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రసు అడిగే ప్రశ్నలు) చూస్తే మీ స్టాఫ్‌లో ఎవరు ఏ జాబ్ సైటు చూస్తున్నారో తెలిసిపోతుంది.

"గాల్లో తిరిగే ఓపెన్ వైఫైయే కదా" అనుకుంటే గూగుల్‌కే చెల్లలేదు. స్ట్రీట్ వ్యూ కార్లు 2010 దాకా ఇళ్ల వైఫై నుంచి మెయిళ్లు, పాస్‌వర్డ్‌లు కూడా పట్టేశాయి. 2013లో అమెరికాలో 38 రాష్ట్రాలతో 70 లక్షల డాలర్లకు రాజీ పడ్డారు. ఇతరుల సంభాషణలు దొంగచాటుగా పట్టడాన్ని నిషేధించే వైర్‌టాప్ చట్టం తమకు వర్తించదన్న వాదనను అదే ఏడాది అప్పీల్ కోర్టు కొట్టేసింది.

కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 180 రోజులు ఉంచమంది కాబట్టి ఈ ఫైళ్లూ ఉంచాలని ఎవరైనా అంటే నమ్మకు. అది లాగ్‌ల గురించి, అంటే సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టాల గురించి. ఫైలు ఎంతకాలం ఉంటే అంత టెన్షన్. కొత్త డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. పూర్తిగా అమలవడానికి గడువు ఇచ్చారు గానీ, అలవాటు ఇప్పుడే పడితే మంచిది.

అసలు నీకు వారం రోజుల ట్రాఫిక్ ఎందుకు? కేప్చర్ చేసే టీసీపీడంప్‌లో స్నాప్ లెంగ్త్ (ఒక్కో ప్యాకెట్‌లో మొదటి ఎంత భాగం తీయాలన్నది) 96 బైట్లకి తగ్గించి, బిల్లింగ్ సర్వర్ ఒక్కదానికే ఫిల్టర్ పెట్టి, రద్దీ వేళ గంటసేపు తీస్తే ఆలస్యం ఎక్కడో ప్యాకెట్ల మొదట్లో ఉండే హెడర్లే చెప్తాయి. పనయ్యాక నీ లాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లో కాపీ ఉంటే అదీ తీసేయి. వెండర్ ఫైలు పంపమంటే, రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పంపకు.

మెయిల్ డ్రాఫ్ట్ రాసి ముందు నాకు చూపించు. హాస్పిటల్ పేరు, సర్వర్ అడ్రసులు మాత్రం తీసేసి పంపు.

ఆశీస్సులతో,
నాన్న