పైన బోల్టులు బిగిసేదాకా కింద రోడ్డు మూయండి

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

నేను బాలానగర్‌లో స్టీల్ ఫాబ్రికేషన్ పని చేయించి రిటైరైన సూపర్‌వైజర్‌ని. హైదరాబాద్‌లో రోడ్డు దాటడానికి జనం పడే అవస్థ మీకూ తెలుసు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో ప్రారంభమైన స్కైవాక్ మీద ముసలివాళ్లు, బడిపిల్లలు నింపాదిగా నడిచి పోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అలాంటివి ఇంకా రావాలి, త్వరగా రావాలి. షెడ్డులో తయారుచేసి, ట్రైలర్ మీద తెచ్చి, రాత్రికి రాత్రి క్రేన్లతో ఎత్తి కూర్చోబెట్టే ఫుట్ ఓవర్ బ్రిడ్జిల విషయంలో మాత్రం ఒక్క నిబంధన కావాలని మిమ్మల్ని అడుగుతున్నాను. బ్రిడ్జి పూర్తిగా బిగిసి, పరీక్షలో నిలిచేదాకా దాని కింద ట్రాఫిక్ వదలకూడదు.

షెడ్డులో వెల్డింగ్ బాగా కుదురుతుంది. వెలుతురు ఉంటుంది, ముక్కను కావలసినట్టు తిప్పుకోవచ్చు, తప్పుంటే తీసి మళ్లీ వేయొచ్చు. చిక్కంతా సైట్‌లోనే. పోసిన స్తంభాల మధ్య దూరం డ్రాయింగ్‌కు నాలుగైదు మిల్లీమీటర్లు తేడాగా ఉంటుంది. ట్రస్ (కడ్డీలను త్రికోణాలుగా కలిపి చేసిన బ్రిడ్జి చట్రం) పైకి లేచాక బోల్టు రంధ్రాలు కలవవు. తెల్లారేసరికి రోడ్డు ఖాళీ చేయాలి, క్రేన్ అద్దె గంటగంటకూ పెరుగుతుంటుంది, అందరికీ టెన్షన్. ఎవరో ఒకరు గ్యాస్ కట్టర్ తెమ్మంటారు. రంధ్రం పెద్దది చేస్తే బోల్టు దూరుతుంది గానీ ఆ జాయింట్‌కు ఉండాల్సిన పట్టు పోతుంది. టార్క్ రెంచ్‌తో కొలిచి ఇవ్వాల్సిన బిగువును మామూలు పానాతో అంచనాగా ఇచ్చినా పైకి తేడా తెలియదు. రంగు వేశాక ఇక ఎవరూ కనిపెట్టలేరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్తంభాల మీద కూర్చున్నాక నొక్కుడు పడే ముక్క, క్రేన్‌కు వేలాడేటప్పుడు లాగుడుకు లోనుకావచ్చు. అందుకే ఎత్తేటప్పుడు, దించేటప్పుడు, సపోర్టు తీసేటప్పుడు ఒక్కో దశకూ విడిగా లెక్క వేయాలి. పూర్తయిన బ్రిడ్జికి వేసిన లెక్క ఒక్కటీ చూపించి అనుమతి తెచ్చుకుంటే ఆ రాత్రి గండం గట్టెక్కుతుందని చెప్పలేం.

అమెరికాలోని మయామిలో ఏం జరిగిందో మీ ఇంజనీర్లకు తెలిసే ఉంటుంది. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ దగ్గర రోడ్డు పక్కన పోతపోసిన 950 టన్నుల కాంక్రీటు ట్రస్‌ను 2018 మార్చి 10న కొన్ని గంటల్లోనే ఎనిమిది లేన్ల రోడ్డు మీద నిలబెట్టారు. ఐదు రోజులకు అది సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల మీద కూలి ఆరుగురు చనిపోయారు. చివరి జాయింట్ మీద పడే భారాన్ని తక్కువగా, దాని బలాన్ని ఎక్కువగా లెక్కవేశారని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. సరిచూడాల్సిన సంస్థ ఆ జాయింట్లనూ చూడలేదు, నిర్మాణ దశలనూ చూడలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ లెక్కల తప్పు కంటే తర్వాత జరిగింది. పగుళ్లు అందరూ చూశారు, ఫొటోలు తీశారు. డిజైన్ ఇంజనీరు రెండు రోజుల ముందే రవాణా శాఖ ఉద్యోగి ఒకరికి పగుళ్ల గురించి వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ ఉద్యోగి ఆఫీసులో లేరు, బ్రిడ్జి కూలిన మర్నాడు గానీ అది వినలేదు. కూలిన రోజు ఉదయం కూడా కూర్చుని మాట్లాడుకుని భద్రతకు ముప్పు లేదనుకున్నారు. మధ్యాహ్నం ట్రస్ లోపలి ఉక్కు కడ్డీలను మళ్లీ బిగిస్తుండగా కూలిపోయింది. అప్పుడు కూడా కింద కార్లు తిరుగుతూనే ఉన్నాయి. రోడ్డు మూయించగలవాళ్లు ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. ఎవరూ మూయించలేదు.

మన పంజాగుట్టలో 2007 సెప్టెంబర్ 9న కడుతున్న ఫ్లైఓవర్ కూలినప్పుడూ కింద వాహనాలు పోతూనే ఉన్నాయి. ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్లోనే ఉంటూ ఆ మాట మరిచిపోతే ఎలా?

త్వరగా కట్టడమే తప్పని నేననను. 2010లో కామన్వెల్త్ క్రీడలకు ముందు ఢిల్లీలో నెహ్రూ స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలి కూలీలు గాయపడితే, సైన్యం వచ్చి కొద్ది రోజుల్లోనే అక్కడ ఉక్కు వంతెన వేసింది. ఎవరు ఏం చేయాలో, ఎవరి మాట ఆఖరో తెలిసినవాళ్లకు వేగంతో ఇబ్బంది లేదు.

కాబట్టి ప్రతి బ్రిడ్జికి కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజనీరు ఒకరిని పేరుతో సహా నియమించండి. పగులు కనిపించినా, రంధ్రం కలవకపోయినా ఎవరినీ అడగకుండా రోడ్డు మూయించే అధికారం ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వండి, ట్రాఫిక్ పోలీసులకు ఆ కాపీ పంపండి. రోడ్డు మూసినందుకు ఆయన్ను ఎవరూ నిలదీయకూడదు. బిగించిన బోల్టుల రికార్డు మీద ఆయన సంతకం ఉండాలి. బ్రిడ్జి మీద ఇసుక బస్తాలు పేర్చి 24 గంటలు ఉంచి, ట్రస్ ఎంత వంగిందో, బరువు తీశాక ఎంత తిరిగి లేచిందో కొలవాలి. ఆ తర్వాతే కింద బండ్లు, పైన మనుషులు. ఆలస్యమైతే జనం తిడతారు, నిజమే. ఆ తిట్లు పడొచ్చు.

ప్రకటనల హక్కులిచ్చి కట్టించే బ్రిడ్జిల మీద కూడా కన్నేయాలి. హోర్డింగ్ బరువు సంగతి ఒకటైతే, గాలివానకు అది తట్టుకోవాల్సిన ఒత్తిడి ఇంకొకటి. డిజైన్‌లో లేని హోర్డింగ్‌ను తర్వాత తగిలించడానికి అనుమతి ఇవ్వకండి.

ఇక పాత బ్రిడ్జిలు. 2019లో ముంబయి సీఎస్‌టీ స్టేషన్ పక్కన కూలిన పాదచారుల వంతెనకు అంతకుముందే ఆడిట్ జరిగింది, చిన్న మరమ్మతులు చాలన్నారు. తనిఖీ అంటే దూరం నుంచి ఫొటో తీయడం కాదు, మెట్ల కింద నీరు నిలిచి తుప్పు పట్టే చోటికి సుత్తి తీసుకుని వెళ్లాలి. మామూలు రోజుల్లో బ్రిడ్జి మీద జనం నడిచిపోతారు. నిమజ్జనం రోజు ఖైరతాబాద్, ట్యాంక్‌బండ్ దారుల్లో మాత్రం విగ్రహాలు చూడటానికి రెయిలింగ్ పట్టుకుని గంటలకొద్దీ కిక్కిరిసి నిలబడతారు. పెద్ద జాతరలు, యాత్రలు జరిగే ఊళ్ల వంతెనల నడకదారికి చదరపు మీటరుకు 500 కిలోల భారం లెక్కించాలని, రోడ్లు, వంతెనల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం చెబుతుంది. ఆ దారుల్లో ఉన్న బ్రిడ్జిల్లో ఏవి ఆ లెక్కకు కట్టారో, చివరిసారి ఎవరు ఏ తేదీన పరిశీలించారో వచ్చే వినాయక చవితిలోపు ప్రతి బ్రిడ్జి మెట్ల దగ్గర బోర్డు పెట్టించండి. లెక్క దొరకని బ్రిడ్జిని నిమజ్జనం రోజు మూసేయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫాబ్రికేషన్ సూపర్‌వైజర్,
బాలానగర్, హైదరాబాద్