తలుపుకి అడ్డం పెట్టిన గుండు

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తప్పు నాదే, ఎంతైనా తిట్టు. ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. మిగతావి తర్వాత. ఇది చెప్పందే నాకు నిద్ర పట్టేలా లేదు.

బుధవారం ఆటోనగర్‌లో పాతసామాన్ల కొట్టుకెళ్లాను. ఫిరంగి తూటాల ఖాళీ గొట్టాలేవైనా వస్తే పక్కన పెట్టమని ఆ బాబాయికి ఎప్పుడో చెప్పి ఉంచా. ఇత్తడి బిందెల గుట్టలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. నల్లగా మసిబారి ఉంది. కాస్త చింతపండు అడిగి అడుగుభాగం రుద్దితే అక్షరాలు ఒక్కొక్కటే తేలాయిరా! బాణం గుర్తు, 25 పీఆర్, 1943. రెండో ప్రపంచయుద్ధంలో మనవాళ్లు కూడా వాడిన ట్వంటీఫైవ్ పౌండర్ ఫిరంగిది! నడిమధ్యన, మందుని అంటించే ప్రైమర్ మీద చిన్న గుంట. అంటే పేలిన తూటా. ఎక్కడో, ఎవరో ఒక కుర్రాడు... సరే, అది తర్వాత.

ఆ ఫిరంగికి గుండు వేరు, గొట్టం వేరు. ముందు గుండు తోసి, దాని వెనక గొట్టం పెడతారు. గొట్టంలో ఎరుపు, తెలుపు, నీలం మందు సంచులుంటాయి. దగ్గరికి కొట్టాలంటే కొన్ని తీసేస్తారు. ఇదంతా బాబాయికి చెబుతుంటే, "అయితే ఇది కూడా దానిదేనా?" అని తలుపు వైపు చూపించాడు.

తలుపు పడిపోకుండా అడ్డం పెట్టింది ఇనప గుండు! పనికుర్రాడు దాని మీద కాలు ఆనించి టీ తాగుతున్నాడు. ముక్కు దగ్గర, గుండుని పేల్చే ఫ్యూజు అలాగే బిగించి ఉంది. కింద రాగి పట్టీ నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. ఫిరంగిలోంచి వెళ్లిన గుండుకి ఆ పట్టీ మీద గాట్లు పడతాయి. దీనికి లేవు, అంటే ఇంకా పేల్చని గుండు. నా కాళ్లు వణికాయిరా. గాట్లున్నా భయపడాల్సిందే, పేలకుండా పడినవి కూడా ఉంటాయి కదా. కుర్రాణ్ణి కాలు మెల్లగా తియ్యమని, అందర్నీ రోడ్డు మీదికి పంపేసి 112 కి ఫోన్ చేశా.

బాంబ్ స్క్వాడ్ వాళ్లు వచ్చి, చుట్టూ ఇసక బస్తాలు పేర్చి, ఎత్తుకెళ్లేసరికి మూడు గంటలు. బాబాయి నాతో ఒక్క మాట లేదు. పదేళ్లుగా దాన్ని రోజూ తనే జరుపుతున్నాడట. శుక్రవారం ఫోన్ వచ్చింది: లోపల మందు లేదు, ఎప్పుడో తీసేశారు. అప్పుడు కూర్చుని ఏడ్చాను, నిజం. ఆ కుర్రాడికి పదిహేడేళ్లు కూడా ఉండవు.

గుండు ఇస్తారా అని అడగాలనుంది. అడగబుద్ధీ కావట్లేదు. నువ్వేమంటావ్? గొట్టం మాత్రం నా బల్ల మీదే ఉంది, ఇంకా సగమే తోమాను. ఆ తూటా పేల్చిన కుర్రాడి సంగతి చెప్తానన్నా కదా, ఆ ప్రైమర్ గుంట చూస్తుంటే నాకు

ఉండు, అమ్మ పిలుస్తోంది, ఆసుపత్రికి ఆటో వచ్చేసింది. రేపు రాస్తా.

నీ
రాజు