ఆదివారం బ్రేకుల చెకింగ్, అందరూ రావాలి

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. చెన్నై దగ్గరి రేస్ ట్రాక్‌కు వెళ్లే ముందు బండ్లన్నీ ఒకసారి లిఫ్ట్ ఎక్కించి చూద్దాం. ఆదివారం పొద్దున 6 గంటలకు వరంగల్ హంటర్ రోడ్డు షెడ్డు దగ్గర కలుద్దాం.

రీమ్యాప్, ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ అంటూ అందరం ఇంజిన్ పవర్ పెంచే పనుల వెనకే పడ్డాం. పోయినసారి శ్రీపెరంబుదూరు ట్రాక్‌లో నాకు జరిగింది చెప్తా. నాలుగో ల్యాప్‌లో మలుపు ముందు బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందిదాకా పోయింది. గుండె జారిపోయింది. గబగబా రెండు మూడుసార్లు కొడితే గానీ పట్టలేదు. తర్వాత డబ్బా మూత తీసి చూస్తే బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. రెండేళ్లు దాటినా మార్చలేదు, తప్పు నాదే.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. అప్పుడు పుట్టే ఆవిరి బుడగలు నలుగుతాయే గానీ చక్రాన్ని ఆపే బ్రేక్ ప్యాడ్‌ను నెట్టవు. అందుకే టర్బో కన్నా ముందు కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు. సీల్ తీయని డబ్బానే కొనండి. టైర్లు, హెల్మెట్లు కూడా అక్కడే చూస్తాం.

ఇంకో మాట తమ్ముళ్లూ. రాత్రిపూట మామునూరు వైపు పందేలు మానేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద అది నేరం. పైగా కోతల కాలంలో రోడ్డు మీదే వడ్లు ఆరబోసి, రైతులు ఆ పక్కనే పడుకుంటారు. మీ లైట్లు పడేలోపే బండి వాళ్ల మీదికి పోతుంది.

వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఏ బండి తెస్తున్నారో రాసి పంపండి.